రాత్రి చేప ఒడ్డుకే వస్తుంది, దూరం విసరకు

ప్రశ్న: అన్నా, నాది మధురవాడ. వయసు 27. ఐటీ ఉద్యోగం, రాత్రి ఏడు దాకా ఆఫీసుతోనే సరిపోతుంది. అందుకే చీకటి పడ్డాక భీమిలి వైపు వెళ్లి, ఒడ్డు నుంచి లూర్లు, అంటే చేపలా కదిలే ఉత్తుత్తి ఎరలు, వేస్తున్నాను. నెలన్నర అయింది, ఒక్క చేప కూడా కొట్టలేదు. షాపులో చెప్పారని బరువైన లూర్లు కొన్నాను. ఇప్పుడు డెబ్భై మీటర్ల దాకా విసరగలుగుతున్నాను. పక్కన విసురు వల వేసే తాతకేమో మోకాలి లోతులోనే చేపలు పడుతున్నాయి. చీకట్లో లూర్ అసలు చేపకి కనిపిస్తుందా? రాత్రి మెరిసే లూర్లు కొనాలా? ఎక్కడ నిలబడాలి? ఇంకో సంగతి, రాత్రిపూట సముద్రం దగ్గరికంటే అమ్మకి ఒకటే టెన్షన్. ఒంటరిగా వెళ్లడం తప్పా?

జవాబు: తమ్ముడూ, తాత వల మోకాలి లోతులో పడుతోంది, నీ లూర్ డెబ్భై మీటర్ల అవతల పడుతోంది. చేపలు తాతకి పడుతున్నాయి. నీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. రేపటి నుంచి ఇరవై, పాతిక మీటర్లకి మించి విసరకు. ఒడ్డుకి ఎదురుగా కాకుండా, ఏటవాలుగా, కెరటం విరిగే గీత వెంట లూర్ నడిచేలా విసురు.

పగలంతా ఎండ, స్నానాలకు దిగే జనం, పడవలు, పైన తిరిగే గద్దలు. వీటికి భయపడి పెద్ద చేప లోతులోకి జరిగి ఉంటుంది. పొద్దు గూకాక ఆ భయం పోతుంది. రొయ్య పగలు ఇసుకలోనో బురదలోనో దాక్కుని, రాత్రి పైకి వస్తుంది. బొంత చేప పిల్లలు పెద్ద చేప నోటికి చిక్కకుండా ఉండాలని ఒడ్డు వారకు, పలచటి నీళ్లలోకి చేరతాయి. వాటి వెనకే పండుగప్ప వస్తుంది, పార వస్తుంది, మాగ వస్తుంది. పండుగప్ప కడుపు తడిచే నీళ్లు ఉంటే చాలు, వేటకి వచ్చేస్తుంది. అందుకే రాత్రి వేటలో మొదటి లూర్ పడేటప్పటికి నువ్వు నీళ్లలో ఉండకూడదు. నీళ్లకి నాలుగైదు అడుగుల ఇవతల, పొడి ఇసుక మీద నిలబడి మొదలుపెట్టు. మనవాళ్లు చాలామంది నడుము లోతుకి దిగి, అక్కడి నుంచి ఇంకా లోపలికి విసురుతారు. వాళ్లు తొక్కుకుంటూ వెళ్లింది చేప తిరిగే దారినే.

ఇక చీకట్లో లూర్ కనిపిస్తుందా అన్నావు. కనిపిస్తుంది, అయితే నువ్వు అనుకునే పద్ధతిలో కాదు. చేప ఒంటికి రెండు పక్కలా మొప్పల నుంచి తోక దాకా ఒక సన్నటి గీత ఉంటుంది. నీళ్లలో కదలికని పట్టుకునే అవయవం అది. దగ్గర్లో చిన్న చేప తోక ఆడించినా ఆ ఒత్తిడి దానికి తెలుస్తుంది. మాగకి కళ్ల మీద జిగురు లాంటి పొర ఉంటుంది, చూపు మీద అది పెద్దగా ఆధారపడదు. గొంతు కింద దారాల్లా వేలాడే రెక్క పోగులతో తడుముకుంటూ తింటుంది. పండుగప్ప కన్ను వేరు. టార్చి పడితే ఎర్రగా మెరుస్తుంది, తక్కువ వెలుతురులో బాగా పనిచేసే కన్ను అది. ఆ కన్ను కింద నుంచి పైకి చూస్తుంది. ఎంత చీకటి రాత్రి అయినా నీళ్ల కన్నా ఆకాశం కాస్త తెల్లగా ఉంటుంది కాబట్టి, పైన పోయే లూర్ దానికి నల్లటి నీడలా కనబడుతుంది.

కాబట్టి మెరిసే లూర్ల మీద డబ్బు పెట్టకు. నా ఓటు నలుపుకి, లేదంటే ముదురు గోధుమ రంగుకి. రంగు కన్నా రెండు సంగతులు ముఖ్యం: లూర్ నీళ్లలో ఒకే తీరుగా ఆడుతూ రావాలి, నెమ్మదిగా రావాలి. మూడు లూర్లు చాలు. పది, పన్నెండు సెంటీమీటర్ల పొడవున్న, అడుగు అడుగున్నర లోతుకి మించి దిగని తేలే మిన్నో (చిన్న చేప ఆకారపు గట్టి లూర్) ఒకటి. తోక గరిటెలా ఉండే సాఫ్ట్ ప్లాస్టిక్ (మెత్తటి లూర్) ఒకటి, పది పదిహేను గ్రాముల జిగ్‌హెడ్ (తలకి బరువు గుండు ఉన్న కొక్కెం) మీద. గాలి లేక నీళ్లు నిలకడగా ఉన్న రాత్రులకి నీటి మీద చప్పుడు చేస్తూ వచ్చేది ఒకటి. వాన నీళ్లు కలిసి బురదగా ఉంటే, లోపల గోలీలు గలగలలాడే లూర్ పనికొస్తుంది. ఇంతకు మించి సంచిలో ఉంటే చీకట్లో మార్చుకుంటూ కూర్చోవడమే అవుతుంది.

ఎంత నెమ్మదిగా అంటే, చుట్టేవాడికి విసుగు పుట్టేంత నెమ్మదిగా. రెండు సెకన్లకి రీల్ (దారం చుట్టే గిలక) హ్యాండిల్ ఒక చుట్టు. తేలే మిన్నో అయితే, దాని వణుకు రాడ్ కొనకి అందేంత వేగం ఉంటే చాలు, అంతకు మించి వద్దు. వేగంగా లాగితే చేప దాని జాడ పట్టుకునేలోపే లూర్ దాటిపోతుంది. మధ్యలో ఒకటి రెండు సార్లు ఆపు, ఒక్క లెక్క పెట్టి మళ్లీ మొదలుపెట్టు. ఆపినప్పుడో, మళ్లీ కదిలించినప్పుడో కొట్టే చేపలు ఎక్కువ.

లూర్ ఎక్కడుందో కంటికి కనిపించదు కాబట్టి చుట్లు లెక్కపెట్టడం అలవాటు చేసుకో. 4000 సైజు రీల్ ఒక చుట్టుకి ఇంచుమించు 80 సెంటీమీటర్లు లాగుతుంది. పాతిక మీటర్లంటే ముప్పై చుట్ల పైచిలుకు. ఇరవై అయిదు దాటాక ఇంకా నెమ్మది చెయ్. చివరి అయిదారు చుట్లలో, నీ కాళ్ల ముందే, చాలా చేపలు కొడతాయి. లూర్ వెనకే వచ్చిన చేప ఒడ్డు చూసి ఆఖరి క్షణంలో తెగిస్తుంది. ఆ సమయంలో లూర్ని గబుక్కున నీళ్లలోంచి ఎత్తేసేవాడు తన చేపని తనే పంపించేస్తున్నాడు.

పండుగప్ప కొట్టేటప్పుడు నీళ్లు లోపలికి లాక్కున్నట్టు 'బుప్' అని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకి గుండె జల్లుమంటుంది, చెయ్యి దానంతట అదే రాడ్‌ని వెనక్కి గుంజేస్తుంది. గుంజకు. బరువు చేతికి తెలిసేదాకా అదే వేగంతో చుడుతూ ఉండు, తెలిశాక పక్కకి గట్టిగా లాగు. చప్పుడు విని గుంజితే లూర్ నోట్లోంచి జారిపోవడమే కాదు, మూడు కొక్కేల గుత్తులతో నీ ముఖం మీదికి ఎగిరొస్తుంది. రాత్రి దాన్ని చూసి తప్పుకోలేవు. అందుకే పవర్ లేని తెల్ల అద్దాలు పెట్టుకో. ఇంకా మంచిది, గుత్తులు తీసేసి ఒంటి కొక్కేలు వేసుకుని, వాటి కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముళ్లు ప్లయర్‌తో నొక్కేసెయ్. చేప కాస్త ఎక్కువ తప్పిపోతుందని కొందరు అంటారు, పోనివ్వు. చీకట్లో వేలికి దిగిన ముల్లు కొక్కెం కన్నా అది నయం.

ఇప్పుడు అసలు విషయం, ఎక్కడ నిలబడాలి అన్నది. దీనికి జవాబు రాత్రి దొరకదు. ఒక ఆదివారం పగలు, సముద్రం బాగా ఆటు మీద ఉన్నప్పుడు రాడ్ లేకుండా భీమిలి వెళ్లు. ఫోన్లో ఆ రోజు ఆటుపోట్ల వేళలు చూసుకుని వెళ్తే చాలు. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు రాత్రి నీకు కనిపించనిదంతా బయటపడుతుంది. ఇసుక ఎక్కడ మెరక, ఎక్కడ ఒడ్డుకి సమాంతరంగా కాలువలా లోతు పడింది, ఆ కాలువ ఎక్కడ మెరకని చీల్చుకుని సముద్రంలోకి తెరుచుకుంది, రాళ్లు ఎక్కడ మునిగి ఉన్నాయి. ఫోటోలు తీసుకో. ఒడ్డున ఉన్న ఏదో ఒక దీపస్తంభమో, గోడో, చెట్టో గుర్తు పెట్టుకో, రాత్రి దాని సూటిలో నిలబడొచ్చు.

గోస్తనీ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఈ పని ఇంకా జాగ్రత్తగా చెయ్. వరద తగ్గేకొద్దీ మొగలో ఇసుక తిన్నెలు జరుగుతుంటాయి, కిందటి నెల చూసిన చోటు ఈ నెల అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. పోటు నిండి, నీళ్లు వెనక్కి తిరిగిన మొదటి రెండు గంటలు మొగ దగ్గర మంచి సమయం. ఏట్లోకి ఎక్కిన రొయ్యా, చిన్న చేపా ఆ నీటితో పాటు బయటికి వస్తాయి. పండుగప్ప ప్రవాహానికి ఎదురు తిరిగి, ఏదో ఒక రాయి చాటునో తిన్నె అంచునో నిలబడి వాటి కోసం చూస్తుంటుంది. లూర్ కూడా అలాగే రావాలి. ప్రవాహానికి అడ్డంగా, కాస్త ఎగువకి విసిరి, నీళ్లే దాన్ని తిప్పుకుని తెచ్చేలా చూడు. నువ్వు చేయాల్సిందల్లా దారం వదులు పడకుండా చుట్టుకోవడమే.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. పగలు నువ్వు గుర్తుపెట్టుకునే ఆ కాలువ తెరుచుకున్న చోటు చేపకి దారి. మనుషుల్ని లోపలికి లాగేసేదీ అదే. రెండు పక్కలా కెరటాలు విరుగుతుంటే మధ్యలో ఒక చోట నీళ్లు ప్రశాంతంగా, ఇసుక రంగులో కనబడతాయి. చూసినవాళ్లు అక్కడే దిగడం మంచిదనుకుంటారు. ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అది, రిప్ కరెంట్ అంటారు. విశాఖ తీరంలో ఈత వచ్చినవాళ్లు కూడా ఎందుకు మునిగిపోతున్నారో ఆ దారి దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. నువ్వు దాని పక్కన ఉన్న మెరక వైపు, పొడి ఇసుక మీద నిలబడు. లూర్ని దాని అంచు వెంట నడిపించు. చేప కోసమైనా, చిక్కుకున్న పాతిక రూపాయల జిగ్ కోసమైనా, వెయ్యి రూపాయల లూర్ కోసమైనా అందులో కాలు పెట్టకు. ఎప్పుడైనా పొరపాటున లాక్కుపోతే ఎదురీదకు. తేలుతూ ఉండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరుగు. ఆ లాగుడు వెడల్పు తక్కువ, పక్కకి వస్తే వదిలేస్తుంది.

రాళ్ల గురించి అడగలేదు కానీ అడుగుతావని తెలుసు. తెన్నేటి పార్కు కింద రాళ్లు, మంగమారిపేట వైపు రాళ్లు పగలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. మొదటి ఏడాది రాత్రిపూట రాళ్ల జోలికి వెళ్లకు. నాచు పట్టిన రాయి మీద కాలు జారితే, తల ఎక్కడ తగిలిందో చూసేవాడు ఉండడు. అయిదు కెరటాలు చిన్నగా వచ్చి, ఆరోది నడుము దాకా తడిపేస్తుంది. లైఫ్ జాకెట్ వేసుకుని, తెలిసినవాడితో, పగటి పూట కొన్నాళ్లు చూశాక ఆలోచించు.

అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు ఎక్కువ ఎక్కుతుంది, నీళ్లు బాగా కదులుతాయి. ఆ రోజులూ, తర్వాతి రెండు మూడు రోజులూ మొగలో వేటకి బాగుంటాయి. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నీ ఆఫీసు వేళలకి కుదిరే రోజులు నెలకి కొన్నే దొరుకుతాయి. వాటినే ఎంచుకో, మిగతా రోజులు ఇంట్లో నిద్రపో. నీళ్లు కదలని వేళ మూడు గంటలు విసిరినదానికన్నా, కదిలే వేళ గంట విసిరింది మేలు. వెన్నెల రాత్రా, చీకటి రాత్రా అన్న వాదన పెద్దది. నాకైతే మొగ దగ్గర చీకటి రాత్రే ఇష్టం. వెన్నెలలో కూడా చేప కొడుతుంది, కానీ నీ నీడని చూస్తుంది. ఇంకో రకం రాత్రి ఉంది. నీళ్లు కదిలితే నీలంగా మెరుస్తాయి, సూక్ష్మజీవుల వెలుగు అది. ఆ రాత్రి దారం కూడా నీళ్లలో వెలుగు గీతలా కనబడుతుంది, చేప దగ్గరికి రాదు. ఆ అందం కాసేపు చూసి వచ్చెయ్.

వీధి దీపమో, వంతెన దీపమో నీళ్ల మీద పడే చోటు ఉంటే అది వదలకు. వెలుతురుకి చిన్న ప్రాణులు చేరతాయి, వాటి కోసం చిన్న చేపలు. పెద్ద చేప మాత్రం వెలుగులోకి రాదు, చీకటి అంచున నిలబడి వెలుగులోకి చూస్తుంది. లూర్ ఆ అంచు వెంట నడవాలి. పోర్టు, నేవీ, ఫిషింగ్ హార్బర్ జెట్టీల దగ్గర దీపాలు చూసి అటు వెళ్లకు, అవి మనం వెళ్లకూడని చోట్లు.

సామాను గురించి నాలుగు మాటలే. ఎనిమిది తొమ్మిది అడుగుల రాడ్, 4000 రీల్, పాతిక ముప్పై పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం). చివర మీటరున్నర నలభై పౌండ్ల లీడర్ (లూర్‌కి ముందు కట్టే మందపాటి దారం) తప్పదు, పండుగప్ప మొప్ప అంచు బ్లేడులా ఉండి సన్న దారాన్ని కోసేస్తుంది. ముడులన్నీ ఇంట్లో లైటు కింద వేసుకుని వెళ్లు. లూర్ పడగానే బెయిల్ని (రీల్ మీద దారాన్ని పట్టే తీగ కమ్మీని) చేత్తో మూసి, దారాన్ని వేలితో ఒకసారి బిగువుగా లాగు. చీకట్లో చిక్కు పడేది అక్కడే.

తల లైటు ఎర్ర వెలుగు ఉన్నది కొను. ముడి వేసుకునేటప్పుడు నీళ్లకి వీపు తిప్పి వెలిగించు. డిసెంబరు చివర్నుంచి మార్చి, ఏప్రిల్ దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. ఒడ్డు మీద తెల్లటి వెలుగు కనబడితే తల్లి గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. నెలన్నర, రెండు నెలల తర్వాత పిల్లలు పైకి వస్తే వెలుగునే సముద్రం అనుకుని రోడ్డు వైపు నడుస్తాయి. తాబేలు కనిపిస్తే లైటు ఆపేసి, దారం చుట్టేసి, చాలా దూరం జరుగు. ఫ్లాష్‌తో ఫోటో వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న ప్రాణి అది, దాన్ని పట్టుకోవడం, గాయపరచడం, గుడ్లు తీయడం నేరం. గుడ్లు పెట్టి వెళ్లిన చోటు కనబడితే పొద్దున్నే అటవీ శాఖకి చెప్పు, గుడ్లు పొదిగించే హేచరీకి చేర్చి కాపాడతారు.

అమ్మ టెన్షన్ అన్నావు. అమ్మ మాట సరైనదే, ఒంటరిగా వెళ్లకు. చేపలు పట్టని స్నేహితుడైనా ఫరవాలేదు, ఒడ్డున కూర్చుని కబుర్లు చెప్పేవాడు ఉంటే చాలు. ఆ తాతతో పరిచయం పెంచుకో. ఆయన వల వేసే చోట లూర్ వేయకుండా, ముందు అడిగి, ఒక టీ ఇప్పించి కూర్చుంటే ఏ పోటుకి ఏ చేప వస్తుందో ఆయనే చెబుతాడు. షాపులో దొరకని విద్య అది. బయల్దేరే ముందు హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సూచన చూడు, వాళ్ల 'సముద్ర' యాప్‌లో దొరుకుతుంది. పెద్ద అలల హెచ్చరిక ఉంటే ఆ రాత్రి ప్రయాణం లేదు. ఎక్కడ నిలబడతావో, ఎన్నింటికి తిరిగొస్తావో అమ్మకి చెప్పి, ఆ వేళకి ఇంట్లో ఉండు. చేప కొడుతున్నా సరే. ఫోన్ నీళ్లు చొరని సంచిలో ఉంచుకో. 112, కోస్ట్ గార్డ్ 1554 అందులో ముందే ఎక్కించి పెట్టుకో.

చేప పడ్డాక చేసే పొరపాట్లు కూడా ఎక్కువగా రాత్రే జరుగుతాయి. లైటు వేసి ఏం పడిందో చూడకుండా చెయ్యి పెట్టకు. జెల్ల అయితే వీపు మీదా, పక్క రెక్కల దగ్గరా విషపు ముళ్లుంటాయి. టేకు చేప (స్టింగ్‌రే) అయితే తోక మీద. ఎప్పుడైనా నీళ్లలో నడవాల్సి వస్తే పాదాలు ఎత్తి వేయకుండా ఇసుక మీద ఈడ్చుకుంటూ నడువు, కింద పడుకున్న టేకు కదిలిపోతుంది. ముల్లు గుచ్చుకుంటే, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీలకి మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ఆ భాగాన్ని ఉంచాలి. నొప్పి తగ్గినా ఆసుపత్రికి వెళ్లాలి. సముద్రపు పాము చిక్కితే లూర్ మీద ఆశ వదిలి దూరం నుంచే దారం కోసెయ్. అది కరిచిన చోట మొదట నొప్పి కూడా తెలియదు. మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు మందు నేల మీది నాలుగు పాముల కోసం తయారైంది, సముద్రపు పాము కోసం కాదు.

పెద్ద పండుగప్ప పడితే ఏం చేయాలో ఇప్పుడే నిర్ణయించుకో, చేతిలో ఉన్నప్పుడు బుర్ర పనిచేయదు. పండుగప్ప పుట్టుక నుంచి మగదిగా పెరిగి, పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. ఎనభై, తొంభై సెంటీమీటర్లు దాటినవి చాలావరకు గుడ్లు పెట్టే తల్లులే. వానాకాలంలో ఇవి గుడ్లకి మొగల దగ్గరికే చేరతాయి, అంటే సరిగ్గా నువ్వు నిలబడిన చోటికి. కూరకి రెండు మూడు కిలోల చేప సరిపోతుంది, రుచి కూడా దానికే ఎక్కువ. పెద్దదాన్ని పొడి ఇసుక మీదికి ఈడ్వకు. తడి చేతులతో పొట్ట కింద పట్టుకుని, నిలువుగా వేలాడదీయకుండా, నీటి అంచునే కొక్కెం తీసి, ఒక ఫోటో తీసుకుని, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి తోక దగ్గర పట్టుకో. అది తోక గట్టిగా ఆడించి నీ చెయ్యి విడిపించుకునేదాకా వదలకు. ఆ ఫోటో నాకు పంపించు.